ముగ్గులకి సర్టిఫికెట్ ఇచ్చారు, ఆరేళ్ళ లెక్కలకి ఇవ్వరట

పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూపులో మా ట్రెజరర్‌గారు అడిగారు, ఎంతో మర్యాదగా: "ఆరేళ్ళుగా సంఘం లెక్కలు చూస్తున్నాను కదండీ. ఒక ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగానికి వెళ్తున్నాను, లెటర్‌హెడ్ మీద చిన్న ఉత్తరం ఇస్తారా?" లిఫ్ట్ ఆగిందని మొత్తుకుంటే మూడ్రోజులకి గానీ నోరు విప్పని సెక్రటరీగారు దీనికి మాత్రం పది నిమిషాల్లో జవాబిచ్చారు. "అది సేవ కదమ్మా, ఉద్యోగం కాదుగా. సేవకి సర్టిఫికెట్ ఏంటి!" కింద ఒక దండం బొమ్మ. దాని కింద పదకొండు బొటనవేళ్ళు.

సేవట!

సంక్రాంతి ముగ్గుల పోటీలో మూడో బహుమతి వచ్చినవాళ్ళకి కూడా ఇదే లెటర్‌హెడ్ మీద, ఇదే పెద్దమనిషి సంతకంతో సర్టిఫికెట్ ఇచ్చారు. లామినేషన్ చేయించి మరీ. చుక్కలు కలిపితే సర్టిఫికెట్టు, లెక్కలు కలిపితే సేవ. ముగ్గులేసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, అవి బాగానే ఉన్నాయి. మండుతున్నది ఆ బొటనవేళ్ళు చూసే.

ఆ సేవ ఏంటో ఒకసారి చూద్దాం. 96 ఫ్లాట్లు. ప్రతి నెలా బిల్లు తీయాలి, వచ్చిన డబ్బుని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి. వినడానికి తేలికే. కానీ యూపీఐలో డబ్బు వేసేవాళ్ళలో సగంమంది ఫ్లాట్ నంబరు రాయరు. అద్దెకున్నాయన వేస్తాడు, పేరు వాళ్ళ బావమరిదిది వస్తుంది. ఒకరు మూడు నెలలది ఒకేసారి వేస్తారు, ఇంకొకరు పార్కింగ్ డబ్బులు మినహాయించుకుని 200 తక్కువ వేసి "క్లియర్" అంటారు. వీటిని విడదీసి, ఎవరి ఖాతాలో వాళ్ళకి జమ చేసి, చివర్లో పైసాతో సహా సరిపెట్టడాన్నే ఆఫీసుల్లో బ్యాంకు రీకన్సిలియేషన్ అంటారు. దానికి జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు.

2024 వేసవి గుర్తుందా? బోర్లు ఎండిపోయి బెంగళూరంతా ట్యాంకర్ల వెంట పరిగెత్తిన మార్చి నెల. జిల్లా యంత్రాంగం రేటు కట్టింది: 5 కిలోమీటర్ల లోపు అయితే 6,000 లీటర్లకి 600 రూపాయలు, 8,000కి 700, 12,000కి 1,000. ఆ రేటుకి ట్యాంకర్లు వచ్చాయా లేదా అన్నది వేరే రామాయణం. అసలు చీటీ మీద 12,000 అని రాసిన బండి నిజంగా 12,000 పోసి వెళ్తోందా? ఆవిడ వాచ్‌మన్ చేత సంపులో కర్ర దింపించి ముందూ వెనకా తడి గుర్తు కొలిపించేది. సంపు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకోండి, ఒక్కో సెంటీమీటరుకి 200 లీటర్లు. 12,000 పోస్తే 60 సెంటీమీటర్లు లేవాలి. 45 లేచిందంటే 9,000 లీటర్లే వచ్చినట్టు, డబ్బు కూడా అంతకే. కొలిచేటప్పుడు పై ట్యాంకుకి ఎక్కించే మోటారు ఆపాలి, లేకపోతే అటు నుంచి పోసింది ఇటు నుంచి ఎక్కిపోయి లెక్క తప్పుతుంది. ఆ ముక్క చెప్పిందీ ఆవిడే. అప్పుడు ఈ పదకొండు బొటనవేళ్ళూ బకెట్లు పట్టుకుని కిందకొచ్చి అరిచినవే.

ఇక టీడీఎస్, అంటే బిల్లు కట్టేటప్పుడే అందులోంచి కొంత ఆదాయపన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టడం. లిఫ్ట్ కంపెనీకి, సెక్యూరిటీ ఏజెన్సీకి కట్టేటప్పుడు పరిమితి దాటితే 2 శాతం పట్టుకోవాలి, వ్యక్తి పేరు మీద ఉన్న కాంట్రాక్టరైతే 1 శాతం. పట్టుకున్నది తర్వాతి నెల 7లోపు కట్టాలి. జులైలో పట్టుకున్నది ఆగస్టు 8న కట్టారనుకోండి, ఆలస్యం ఒక్క రోజే కానీ జులై, ఆగస్టు రెండూ లెక్కలోకొచ్చి నెలకి ఒకటిన్నర శాతం చొప్పున రెండు నెలల వడ్డీ పడుతుంది. మూణ్ణెల్లకోసారి వేసే రిటర్ను ఆలస్యమైతే రోజుకి 200. సంఘం డబ్బు ఎఫ్‌డీలో వేస్తే ఆ వడ్డీ మీద పన్ను లేదని వాదించే మేధావి ప్రతి జనరల్ బాడీ మీటింగులోనూ ఒకాయన ఉంటాడు, "మన డబ్బు మనకే కదా" అంటూ. మన ఊరి బెంగళూరు క్లబ్ కేసులోనే సుప్రీంకోర్టు 2013లో తేల్చేసింది, బ్యాంకు ఇచ్చే వడ్డీకి ఆ వాదన పనికిరాదని. ఆవిడకి ఇది తెలుసు. మీటింగులో మెల్లగా చెప్పింది కూడా. ఎవరూ వినలేదు, ఆడిటరు వచ్చి అదే మాట చెప్తే అందరూ తలలూపారు.

సరే, సెక్రటరీగారిని కాసేపు పక్కన పెడతాను (పెట్టను, మళ్ళీ వస్తాను). ఇలాంటి పని చేసిన ఆడవాళ్ళు మన గ్రూపుల్లో బోలెడుమంది. రెజ్యూమేలో మాత్రం పదేళ్ళకి ఎదురుగా "గృహిణి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అలా రాయకండమ్మా, దణ్ణం పెడతాను. "గౌరవ ట్రెజరర్, 96 ఫ్లాట్ల నివాసుల సంఘం" అని రాయండి. ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయండి. కింద అంకెలు: నెలకి ఎన్ని రసీదులు, ఏడాదికి ఎంత వసూలు, ఎంతమంది కాంట్రాక్టర్లకి టీడీఎస్, ఆడిట్ ఎన్నిసార్లు అయింది. "గౌరవ" అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. అది లేకపోతే వెరిఫికేషన్‌వాళ్ళు జీతం స్లిప్పు అడుగుతారు, లేదంటే అబద్ధం కింద రాసుకుంటారు.

ఉత్తరంలో ఏముండాలి? సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, ఆధార్‌లో ఉన్నట్టే ఆవిడ పూర్తి పేరు, తేదీలు, చేసిన పనులు, వేతనం లేదన్న వాక్యం, సంతకం పెట్టినవాళ్ళ ఫోన్ నంబరు. అంతే, ఏడు లైన్లు. ట్రెజరర్‌గా ఎన్నుకున్న మీటింగు మినిట్స్ కాపీ ఒకటి జతచేయాలి. అసలు బలమైన రుజువు ఇంకొకటుంది: ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్ మీద ట్రెజరర్ సంతకం. ఏటా ఒక కాపీ దాచుకోండి. ఉత్తరం ఇవ్వకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది.

ఆడిటర్ ఆఫీసులో పెట్టే పరీక్ష గురించి కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడ బోల్తా పడితే మళ్ళీ ఇదే సెక్రటరీ "చెప్పాగా" అంటాడు. 2017 జులైకి ముందు బీకాం చదివినవాళ్ళు చదివింది వ్యాట్, సర్వీస్ టాక్స్. వాటి బదులు జీఎస్టీ ఆ నెల ఒకటిన వచ్చింది. అప్పట్లో నేర్చుకున్న లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కూడా మారిపోయి 2020 నుంచి ట్యాలీ ప్రైమ్ అయింది, మెనూలు వేరు. భయపడేంత ఏం లేదు, చేతిమీద పదిహేను రోజులు తిప్పితే వచ్చేస్తుంది. సాధారణంగా ఒక బ్యాంకు స్టేట్‌మెంటూ ముప్ఫై నలభై బిల్లులూ ఇచ్చి ఎంట్రీ చేయమంటారు. ఆ కట్టలో ఒక హోసూరు బిల్లు ఉంటుంది చూడండి, అక్కడ పడతారు అందరూ. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి హోసూరు మనకి పక్కవీధిలా అనిపిస్తుంది, కానీ అది తమిళనాడు. బిల్లు మీద జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూడాలి: 29 అయితే కర్ణాటక, 33 తమిళనాడు, 37 ఆంధ్ర, 36 తెలంగాణ. బెంగళూరు కంపెనీ కొన్న మోటారు బిల్లు 33తో మొదలైతే ఐజీఎస్టీ వేయాలి, అంటే రాష్ట్రం దాటిన సరుకు మీద పడే పన్ను. అలవాటు మీద సొంత రాష్ట్రం బిల్లుకి వేసినట్టు సగం సీజీఎస్టీ (కేంద్రానికి), సగం ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానికి) అని వేస్తే తప్పు. ఇంకోటి, బిల్లు చేతిలో ఉంది కదా అని పన్ను క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకోకూడదు, జీఎస్టీ పోర్టల్లో నెల 14న వచ్చే 2బీ స్టేట్‌మెంటులో ఆ బిల్లు కనబడాలి. ఇంటర్వ్యూలో ఈ రెండూ చెప్పినావిడని "పదేళ్ళు ఏం చేశారు" అని అడగడానికి ఎదుటివాడికి నోరు రాదు.

ఇంకో దరిద్రం ఇదే గ్రూపులో. పోయిన నెల ఎవరో ఫార్వర్డ్ చేశారు, "కెరీర్ గ్యాప్ ఉన్న మహిళలకు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఇప్పించబడును". ఇప్పించబడును! చేయని పనికి డబ్బు తీసుకుని రంగురంగుల సంతకాలు పెట్టేవాళ్ళు రెడీ, చేసిన పనికి ఊరికే ఒక సంతకం పెట్టేవాడు లేడు. ఆ కొన్న ఎక్స్‌పీరియన్స్ జోలికి పోకండి. పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో సర్వీసు కనబడదు, బ్యాంకులో జీతం పడిన జాడ ఉండదు, ఆదాయపన్ను స్టేట్‌మెంటులో టీడీఎస్ ఉండదు. మూడు క్లిక్కుల్లో దొరికిపోతారు, ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది.

పేర్ల సంగతి తలుచుకుంటే ఇంకా మండుతుంది. డిగ్రీ కాగితం మీద పుట్టింటి ఇంటిపేరు ఒక అక్షరం, చుక్క. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు మొత్తంగా, అదీ చివర్లో. పాన్‌లో మూడో రకం. పెళ్ళైన కొత్తలో "ఆధార్‌లో నీ పేరు మార్పించేశాను" అని ఘనకార్యంలా చెప్పే భర్తలకి తెలియదు, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారని. ఒక ఛాన్సు ఆయనే వాడేశాడు, అడక్కుండా. ఇప్పుడు ఉద్యోగంలో చేరితే పీఎఫ్‌కి ఆధార్ పేరు కావాలి, వెరిఫికేషన్‌కి డిగ్రీ పేరు కావాలి. రెండూ ఒకరివేనని చెప్పడానికి పెళ్ళి సర్టిఫికెట్టో నోటరీ అఫిడవిట్టో పెట్టాలి. ముందే చేయించి ఉంచుకోండి, ఆఫర్ వచ్చాక పరిగెత్తద్దు. డిగ్రీ ఒరిజినల్ కూడా చూసుకోండి. మనవాళ్ళలో ప్రొవిజనల్ తీసుకుని ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) అప్లై చేయకుండానే పెళ్ళి పీటలెక్కినవాళ్ళు ఎంతమందో. ఆధార్‌లో ఇంకా గుంటూరు అడ్రసే ఉందా? 2023 జూన్ 11 నుంచి బెంగళూరు సిటీ బస్సుల్లో (బీఎంటీసీ) ఆడవాళ్ళకి ఫ్రీ, కానీ కర్ణాటక అడ్రసు చూపించాలి. ఆఫీసుకి రోజూ బస్సెక్కేదానివి, ఆ అడ్రసు మార్చుకో తల్లీ. అడ్రసుకి పేరులా రెండుసార్ల లెక్క లేదు.

మళ్ళీ సెక్రటరీగారి దగ్గరికే వస్తున్నాను. "ఉద్యోగం కాదుగా" అన్నారు కదా, అసలు ఆవిడని ట్రెజరర్ చేసింది ఎవరు? ఆరేళ్ళ కిందటి మీటింగులో ఎవరూ చెయ్యెత్తకపోతే వాళ్ళాయనే లేచి "మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది, ఇచ్చేయండి" అన్నాడు. అందరూ చప్పట్లు. ఇచ్చేటప్పుడు ఖాళీ మనిషి, అడిగేటప్పుడు సేవామూర్తి.

ఉత్తరం నేనే టైపు చేశాను, పైన చెప్పిన ఏడు లైన్లే. ప్రింటు తీసి సాయంత్రం సెక్రటరీగారి తలుపు కింద నుంచి తోస్తాను. ఆయన సంతకం పెడితే చాలు. స్టాంపు కోసం వెతుక్కోనక్కర్లేదు. సంఘం రబ్బరు స్టాంపు ఆరేళ్ళుగా ఆవిడ ఇంట్లోనే, వోచర్ల ఫైలు పక్కన, ఇంకు ప్యాడ్‌తో సహా ఉంది. కావాలంటే తనే కొట్టుకుని ఉండొచ్చు. పొద్దున్న గ్రూపులో అడిగింది.