ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది, ఈతగాళ్లు మాత్రం రాలేదు

2020 ఆగస్టు 21న అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నాలుగు క్రీడా జట్లను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. పురుషుల ఈత, మహిళల ఈత, పురుషుల జిమ్నాస్టిక్స్, పురుషుల టెన్నిస్. ఆ ఆటల్లో వైరస్ ఎక్కువగా సోకుతుందని కాదు, ఫుట్‌బాల్ ఆగిపోయిందని. అంతకు పది రోజుల ముందు, ఆగస్టు 11న, అయోవా సభ్యురాలిగా ఉన్న బిగ్ టెన్ అనే విశ్వవిద్యాలయాల కూటమి కోవిడ్ భయంతో ఫుట్‌బాల్ సీజన్‌ను వాయిదా వేసింది. దాంతో సుమారు 10 కోట్ల డాలర్ల రాబడి పోతుందని, లోటు 6 నుంచి 7.5 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అయోవా లెక్క చెప్పింది. జట్లను ఎత్తేసి నాలుగు వారాలు తిరక్కుండానే, సెప్టెంబర్ 16న, బిగ్ టెన్ మనసు మార్చుకుంది. అక్టోబర్‌లో ఫుట్‌బాల్ మొదలైంది. ఎత్తివేసిన జట్ల ఫైలు మాత్రం అప్పుడు మళ్లీ తెరవలేదు.

మన దగ్గర కాలేజీ ఆటలు రద్దయితే ఏ ఖాతా పుస్తకంలోనూ ఒక అంకె మారదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లే జట్టుకు రైలు టిక్కెట్లు, రోజుకింత భత్యం చేతిలో పెడితే అదే గొప్ప. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు పట్టుకుపోయినా అడిగేవాళ్లు లేని బడుల్లో చదువుకున్నవాళ్లం. అందుకే అమెరికా కాలేజీ ఆటల ఆర్థికం మనకు ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. ఒక్క మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలోనే 1,07,601 మంది కూర్చోవచ్చు. టిక్కెట్లు, టీవీ ప్రసార హక్కులు, దాతల చందాలు అన్నీ ప్రధానంగా ఈ ఆట చుట్టూనే తిరుగుతాయి. ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ బతికేది ఆ డబ్బుతోనే. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు ఒక్కడే సంపాదిస్తున్నట్టు. అతని జీతం ఆగితే ముందు చిన్నవాళ్ల ఫీజులు ఆగుతాయి, ఇంటి పెద్ద సిగార్ ఆగదు.

దెబ్బ మార్చిలోనే తగిలింది. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2020 మార్చి 12న బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్లను రద్దు చేసింది. పురుషుల టోర్నమెంట్ 1939 నుంచి అప్పటిదాకా ఒక్క ఏడాది కూడా ఆగలేదు, రెండో ప్రపంచ యుద్ధంలో సైతం. పై శ్రేణి విశ్వవిద్యాలయాలకు ఆ ఏడాది పంచాలనుకున్న 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు తగ్గిపోయాయి. ఆ కాస్తయినా అందిందంటే అందులో 27 కోట్ల డాలర్ల బీమా పుణ్యం ఉంది. ఇక ఫుట్‌బాల్ కూడా లేకపోతే అయిదు పెద్ద కూటముల విశ్వవిద్యాలయాలు కలిసి 400 కోట్ల డాలర్లకు పైగా నష్టపోతాయని మే నెలలోనే అంచనాలు వచ్చాయి.

ఇంత సొమ్ము ఎదురుగా కనిపిస్తున్నా ఆగస్టులో బిగ్ టెన్ ఎందుకు ఆపింది? వైద్యులు గుండె గురించి భయపడ్డారు. కోవిడ్ సోకి తగ్గిన యువకుల్లో గుండె కండరం వాచే మయోకార్డైటిస్ కనిపిస్తున్నదని అప్పటికే మాటలు వినిపిస్తున్నాయి. అలాంటి వాపు ఉన్నవాడు గంటల తరబడి పరుగెత్తితే ఉన్నట్టుండి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. సెప్టెంబర్ 11న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వైద్యుల అధ్యయనం అచ్చయింది. కోవిడ్ వచ్చి తగ్గిన 26 మంది క్రీడాకారులకు ఎంఆర్ఐ తీస్తే నలుగురిలో ఆ ఛాయలు కనిపించాయి. అంటే 15 శాతం. మరుసటి ఏడాది వెలువడిన అధ్యయనంలో పలు బిగ్ టెన్ విశ్వవిద్యాలయాలు కలిసి 1,597 మందిని పరీక్షిస్తే తేలింది 37 మంది, 2.3 శాతం. వాళ్లలోనూ లక్షణాలు బయటపడింది తొమ్మిది మందికే.

ఈ రెండో అంకె చూపించి ఆగస్టులో అనవసరంగా బెదిరిపోయారని ఎగతాళి చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చేతిలో సమాచారం లేనప్పుడు ఆగడం పిరికితనం కాదు. నాకు వింతగా తోచేది వేరే ఉంది. 15 శాతం అన్న అధ్యయనం వెలువడిన అయిదు రోజులకే ఆట తిరిగి మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఆగస్టులో 11-3 ఓట్లతో ఆపినవాళ్లు సెప్టెంబర్‌లో ఏకగ్రీవంగా తలలూపారు. ఆ మధ్యలో కూటమిలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆటగాళ్లు ఎనిమిది మంది కోర్టుకు వెళ్లారు, అధ్యక్షుడు ట్రంప్ కూటమి కమిషనర్‌కు ఫోన్ చేశారు. వైద్యం వైపు నుంచి వచ్చిన నిజమైన మార్పు ఒకటుంది: ప్రతి ఆటగాడికీ రోజూ పరీక్ష, పాజిటివ్ వస్తే గుండె పరీక్షలన్నీ అయ్యాక కనీసం 21 రోజుల తర్వాతే మైదానం. ఆ ఏర్పాటు మంచిదే. అంత పకడ్బందీ పరీక్షలు అదే క్యాంపస్‌లో వంటశాల పనివాళ్లకు, వసతిగృహాలు ఊడ్చేవాళ్లకు ఉన్నాయా అని మాత్రం అడగకూడదు.

ఆటలు ఆపితే ఆరోగ్యం దానంతటదే దక్కుతుందన్న వాదమూ నిలవదు. దానికీ అయోవాయే సాక్ష్యం. ఆగస్టు 24న తరగతులు మొదలైన వారంలోనే క్రీడా విభాగంలో 93 పరీక్షలు పాజిటివ్ వచ్చాయి, సాధన నిలిపివేశారు. అప్పటికి ఫుట్‌బాల్ సీజన్ లేనే లేదు. వైరస్ స్టేడియం గేటు దగ్గర టిక్కెట్టు కోసం ఆగలేదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్‌లో ఆగస్టు 10న తరగతులు ప్రారంభించి, వారానికే ఆన్‌లైన్‌కు మార్చింది. విద్యార్థులు పెట్టెలు సర్దుకుని వసతిగృహాలు ఖాళీ చేస్తుంటే ఫుట్‌బాల్ జట్టు మాత్రం సాధన కొనసాగించింది. సెప్టెంబర్ 12న ఖాళీ స్టేడియంలో సిరక్యూస్‌ను 31-6తో ఓడించింది కూడా. చదువుకు ప్రమాదకరమైన చోటు ఆటకు సురక్షితం ఎలా అయిందో ఆ రోజుల్లో ఎవరూ నమ్మేలా చెప్పలేకపోయారు.

అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఆ జూలైలో మరో భయంలో ఉన్నారు. తరగతులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశం వదిలి వెళ్లాలని జూలై 6న వచ్చిన ఆదేశం, ఎనిమిది రోజులకు వెనక్కి తీసుకునేదాకా, ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేసింది. వాళ్లను వెళ్లమన్న వేసవిలోనే ఆటగాళ్లను సాధనకు పిలిపించారు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు కట్టే ఫీజులోంచి కొంత క్రీడా విభాగానికి పోతుంది. వాళ్లు ఒక్క ఆట చూడకపోయినా సరే.

నా అభ్యంతరమంతా ఇక్కడే. డబ్బా ఆరోగ్యమా అని తూచినట్టు కనిపించింది కానీ, తక్కెడలో ఒక పళ్లెం ఒకరిది, రెండో పళ్లెం ఇంకొకరిది. అప్పటికి ఆటగాళ్లకు దక్కేది స్కాలర్‌షిప్పే, జీతం కాదు. తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకునే వీలు కూడా 2021 జూలైలో గానీ రాలేదు. వేసవిలో కొన్నిచోట్ల ప్రమాదాన్ని ఒప్పుకుంటున్నట్టు వాళ్ల చేత పత్రాల మీద సంతకాలు చేయించారు. ఎన్‌సీఏఏ ఆగస్టులో కలగజేసుకుని హక్కులు వదులుకునే పత్రాలు అడగవద్దని, ఆడనన్న వాడి స్కాలర్‌షిప్ తీసేయవద్దని చెప్పాల్సి వచ్చింది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

లోటు నిజమే. కానీ ఆ లోటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వచ్చింది వచ్చినట్టు కోచ్‌ల జీతాలకు, కొత్త భవనాలకు తగలేసి, చెడ్డరోజు కోసం గల్లాపెట్టెలో ఏమీ మిగల్చని అలవాటు అది. అంత కష్టకాలంలో, 2020 డిసెంబర్‌లో, ఆబర్న్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్‌ను తొలగించి, ఒప్పందం ప్రకారం అతనికి 2 కోట్ల 14 లక్షల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది. పని చేయనందుకు! ఆబర్న్ ఉన్న ఎస్ఈసీ కూటమే కొన్ని నెలల తర్వాత భవిష్యత్తు టీవీ ఆదాయం మీద ముందస్తుగా తలా 2.3 కోట్ల డాలర్లు సభ్యులకు పంచింది. ఫుట్‌బాల్ మీద అప్పు పుడుతుంది. ఈత మీద పుట్టదు.

డబ్బు లేక కాదనడానికి స్టాన్‌ఫర్డ్ చాలు. అమెరికాలోని అతి సంపన్న విశ్వవిద్యాలయాల్లో ఒకటైన అది 2020 జూలైలో 36 ఆటల్లో 11 తీసేస్తామంది. పూర్వ విద్యార్థులు దాదాపు ఏడాది పాటు పోరాడితే 2021 మేలో అన్నీ ఉంచుతామంది. దానికి భిన్నంగా ఫుట్‌బాల్ రాబడి మీద బతకని ఐవీ లీగ్, అంటే హార్వర్డ్, యేల్ లాంటి పాత విశ్వవిద్యాలయాల కూటమి, 2020-21 మొత్తం తన లీగ్ పోటీలు మానేసింది.

అయోవాలో ఈత అమ్మాయిలు నలుగురు స్త్రీ పురుష సమానత్వ చట్టం కింద కోర్టుకెక్కారు. డిసెంబర్‌లో న్యాయమూర్తి ఎత్తివేతను ఆపారు. ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం మహిళల జట్టును తిరిగి తీసుకుంది. అబ్బాయిలకు ఆ చట్టం ఉపయోగపడలేదు. 1930లలో బటర్‌ఫ్లై ఈతకు రూపం ఇచ్చినవాళ్లలో ఆ విశ్వవిద్యాలయం కోచ్ డేవిడ్ ఆర్మ్‌బ్రస్టర్ ఒకరు. ఆయన నడిపిన జట్టు 2021లో చివరిసారి నీళ్లలోకి దిగింది.