హువాచింగ్ ప్యాలెస్‌లో ఫొటోకి పడని కథ

చైనాలోని షియాన్ వెళ్లిన టూరిస్టులు మట్టి సైనికుల్ని చూశాక ఇంకా టైముంటే దగ్గర్లోనే ఉన్న హువాచింగ్ ప్యాలెస్‌కి వచ్చి, కొలను దగ్గర తెల్లరాతి యాంగ్ గుయ్‌ఫెయ్ (ఎనిమిదో శతాబ్దపు టాంగ్ చక్రవర్తి ప్రేయసి) విగ్రహం ముందు ఒక ఫొటో దిగి వెళ్లిపోతారు. ఊరికి తూర్పున దాదాపు 30 కిలోమీటర్లు, లీషాన్ కొండ మొదట్లో ఉంటుంది. ఇప్పుడు మెట్రో కూడా ఉంది. చిక్కేమిటంటే, ఆ ఫొటోలో కనిపించే మంటపాలు, విగ్రహం, అన్నీ దాదాపు మన కాలంలో కట్టినవే. కొలను చుట్టూ టాంగ్ కాలం పద్ధతిలో కనిపించే కట్టడాలు చాలావరకు 1959లోనూ ఆ తర్వాతా లేచినవి. అసలు పాతవి ఎండిపోయి ఒక షెడ్డు కింద ఉన్నాయి, అక్కడ జనం పెద్దగా ఆగరు.

అవి స్నానపు తొట్లు. 1982లో తవ్వకాల్లో బయటపడ్డాయి, 1990లో వాటి మీదే మ్యూజియం పెట్టారు. చక్రవర్తి షువాన్‌జోంగ్‌ది తామర తొట్టి, పెద్దది. యాంగ్ గుయ్‌ఫెయ్‌ది పువ్వు ఆకారంలో ఉంటుంది, పొడవు మూడున్నర మీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. ఇంత పేరున్న తొట్టి ఇంత చిన్నదా అనిపిస్తుంది. వేడి నీళ్లు మాత్రం ఇప్పటికీ 43 డిగ్రీల దగ్గర ఊరుతూనే ఉన్నాయి, ఊట దగ్గర చేతులు కడుక్కోవచ్చు.

ఇక్కడ అమ్మేది ప్రేమకథ. ముసలి చక్రవర్తి షువాన్‌జోంగ్, ఆయన మనసు దోచిన అందగత్తె, చివర్లో కన్నీళ్లు. బాయ్ జూయీ 806లో రాసిన దీర్ఘకవితతో ఆ కథ స్థిరపడిపోయింది, రాత్రిపూట కొలను మీద ఆడే భారీ షో కూడా దాన్నే చూపిస్తుంది. ఆవిడ మొదట ఆయన సొంత కొడుకు భార్య అనీ, ఆయన ఆవిడ కంటే 34 ఏళ్లు పెద్ద అనీ తెలిశాక ఇది ప్రేమకథ ఎలా అయ్యిందో నాకైతే అర్థం కాదు.

మనకో సామెత ఉంది కదా, సీత పుట్టుక లంకకు చేటు అని. తప్పు చేసింది రావణుడు, నింద సీత పుట్టుకది. యాంగ్ గుయ్‌ఫెయ్ విషయంలో జరిగింది అచ్చంగా అదే. ఆన్ లూషాన్ అనే సేనానికి మూడు సరిహద్దు సైన్యాల మీద పెత్తనం ఇచ్చింది షువాన్‌జోంగ్. యాంగ్ గుయ్‌ఫెయ్ బంధువు యాంగ్ గువోజోంగ్‌ని ప్రధానమంత్రిని చేసి, వాళ్లిద్దరూ కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నదీ ఆయనే. 755 చలికాలంలో ఆన్ లూషాన్ తిరగబడ్డాడని కబురు వచ్చేసరికి చక్రవర్తి ఎక్కడున్నాడు? ఇక్కడే, వేడి నీళ్లలో. మరుసటి ఏడు రాజధాని చాంగాన్ (ఇప్పటి షియాన్) వదిలి పారిపోతుంటే దారిలో మావెయ్ దగ్గర అంగరక్షకులు ప్రధానమంత్రిని చంపి, ఆవిడనీ చంపాల్సిందేనని మొండికేశారు. ఆయన ఒప్పుకున్నాడు. ఆవిడ ప్రాణం పోయింది, ఆయన మాత్రం ఇంకో ఆరేళ్లు బతికాడు.

ఆ 755 చలికాలంలోనే దూ ఫు అనే కవి ఇంటికి వెళ్తూ ఈ కొండ పక్కనుంచే నడిచాడు. పైన రాజుగారి విడిది, విందులు. ఇల్లు చేరేసరికి ఆయన పసిబిడ్డ ఆకలితో చనిపోయి ఉన్నాడు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో, దేశం ఎలా ఉందో చెప్పడానికి నాకు ఇది చాలు, యాంగ్ గుయ్‌ఫెయ్‌కి లిచీ పళ్లు తేవడానికి పరిగెత్తిన గుర్రాల కథలు అక్కర్లేదు.

పైగా ఈ కొండకి ఇది అలవాటే. క్రీస్తుపూర్వం 771లో జౌ రాజు యూ ఇక్కడే చచ్చాడు. రాణిని నవ్వించడానికి ఉత్తుత్తి ప్రమాద మంటలు వెలిగించి, నిజంగా శత్రువు వచ్చినప్పుడు ఎవరూ రాక చచ్చాడని కథ, మన 'నాన్నా పులి' లాంటిదే. చరిత్రకారులు చాలామంది దాన్ని నమ్మరు, కానీ చూడండి, అందులోనూ తప్పు ఆడదానిదే. 1900లో విదేశీ సేనలకి భయపడి బీజింగ్ నుంచి పారిపోయి వచ్చిన రాజమాత త్సూషీ కూడా ఇక్కడ బస చేసింది.

ఆ తర్వాత 1936 డిసెంబర్ 12. ఇక్కడి 'ఐదు గదుల ఇల్లు' అనే బంగ్లాలో అప్పటి చైనా పాలకుడు చాంగ్ కై షేక్ దిగి ఉన్నాడు. జపాన్ మీద పోరాడకుండా కమ్యూనిస్టుల వెంటపడుతున్నాడని ఆయన సొంత సేనానులు జాంగ్ షుయేలియాంగ్, యాంగ్ హుచెంగ్ తెల్లవారుజామున సైనికుల్ని పంపారు. ఆయన రాత్రి బట్టలతోనే, కట్టుడు పళ్లు కూడా వదిలేసి, గోడ దూకి నడుం దెబ్బ తగిలించుకుని కొండెక్కి బండల మధ్య దాక్కుని దొరికిపోయాడు. తూటాలు దిగిన కిటికీ అద్దాలు ఇప్పటికీ ఉన్నాయి. రెండు వారాల్లో ఆయన్ని వదిలేశారు, జాంగ్ మాత్రం తర్వాత యాభై ఏళ్లకి పైగా గృహనిర్బంధంలో గడిపాడు, యాంగ్‌ని 1949లో చంపేశారు.

ఆయన దొరికిన చోట కొండ మీద ఓ మంటపం ఉంది. 1946లో ఆయన పక్షం వాళ్లే ఆయన గొప్ప కోసం కట్టించారు. కమ్యూనిస్టులు వచ్చాక అది 'చాంగ్‌ని పట్టుకున్న మంటపం' అయింది. 1986కి వచ్చేసరికి, చాంగ్ పార్టీ పాలనలో ఉన్న తైవాన్‌తో మళ్లీ మాటలు కలపాల్సిన రోజుల్లో, పేరు కాస్త మెత్తబడి 'సైన్యం హితవు చెప్పిన మంటపం' అయింది. అదే రాయి, అదే కప్పు.

(షువాన్‌జోంగ్ కాలానికి దాదాపు వందేళ్ల ముందు, 645లో, ధాన్యకటకం దాకా వచ్చి మన అమరావతి ప్రాంతంలో కొన్ని నెలలు చదువుకున్న హుయాన్‌త్సాంగ్ తిరిగి చేరింది ఈ చాంగాన్‌కే. షియాన్ వెళ్లే తెలుగువాళ్లకి చెప్పాలనిపించింది.)

కాబట్టి వెళ్తే ముందు ఐదు గదుల ఇంటికి వెళ్లి ఆ అద్దాలు చూడండి, తర్వాత ఎండిన తొట్లు. విగ్రహం దగ్గర ఫొటోల రద్దీ ఎలాగూ సాయంత్రం దాకా తగ్గదు.