గన్‌మన్ లేని ఎమ్మెల్యే

మనవాళ్ళెవరో అమెరికాలో ఎమ్మెల్యే అయ్యారని తెలిసిన సాయంత్రానికే ఊరి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది. అందులో గెలిచినవారి ఫొటో చిన్నది, కట్టించినవాడి ఫొటో పెద్దది. తప్పు పట్టడానికేం లేదు, డబ్బులు అతనివి. చిక్కంతా ఆ రాత్రి నుంచి వచ్చే ఫోన్లతోనే. ఒకాయనకి అల్లుడి వీసా స్టాంపింగ్ కావాలి. ఒకామెకి కాన్సులేట్‌లో స్లాటు కావాలి. ఇంకొకాయనది మరీ చిన్న కోరిక: తోడల్లుణ్ణి డల్లాస్ నుంచి న్యూజెర్సీకి బదిలీ చేయిస్తే చాలు.

వీరందరికీ సవినయంగా విన్నవించేదేమంటే, వీసాలు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం చేతిలోవి. రాష్ట్ర శాసనసభ్యుడికి వాటి మీద ఉన్న అధికారం మన ఒకప్పటి గ్రామ వాలంటీరుకి రిజర్వు బ్యాంకు మీద ఉన్నంత. గన్‌మన్ ఉండడు. ముందొక బండి, వెనకొక బండి ఉండవు. తహసీల్దారు లేచి నిలబడడు, అసలు తహసీల్దారే లేడు. ఇంత నిరాదరణకు గురైన పదవి వైపు మన పిల్లలు ఎగబడుతున్నారు కనుక, ముందుగా హెచ్చరించడం మా ధర్మం.

మొట్టమొదటి అర్హత అమెరికా పౌరసత్వం. హెచ్-1బీ మీద వెళ్ళినవాడు గ్రీన్‌కార్డు వరసలో నిలబడాలి. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చేవి దాదాపు 1,40,000. అందులో ఒక్కో దేశానికి దక్కేది సుమారు 7 శాతమే. చిటికెడంత దేశం మాల్టాకీ అదే కొలత, మనకీ అదే కొలత. మాల్టా వరసలో మనుషులు లేరు, మన వరసకి చివర కనపడదు. కార్డు చేతికొచ్చాక మామూలుగా ఇంకో అయిదేళ్ళు ఆగాలి. ఆ తర్వాత ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు, దాని వెనక పౌరశాస్త్రం పరీక్ష. 2025 అక్టోబరు నుంచి 128 ప్రశ్నల జాబితాలోంచి 20 అడుగుతున్నారు, 12 చెప్పాలి. ఎంసెట్ రాసినవాడికి అదొక లెక్క కాదు. ఇబ్బందల్లా వయసుతోనే. ఇరవై నాలుగేళ్ళకు ఎమ్మెస్‌కి వెళ్ళినవాడు ఇవన్నీ దాటి నామినేషన్ వేసేనాటికి మోకాళ్ళు అరుగుతాయి. ఈ ఎన్నికల్లో మోకాళ్ళతోనే పని.

అక్కడి రాష్ట్ర సభలకి ఎన్నికై పైకొచ్చినవాళ్ళ జీవితాలు చూస్తే ఈ రహస్యం బోధపడుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ ఏడేళ్ళకి అమెరికా చేరారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హాష్మీ నాలుగేళ్ళకే చేరారు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల పెద్దయ్యాకే వెళ్ళారు గానీ, అది 1970ల సంగతి, అప్పటికి వరస ఇంత పెరగలేదు. కాబట్టి మా మొదటి సలహా: నాలుగేళ్ళు నిండగానే విమానం ఎక్కాలి. ఆలస్యం చేస్తే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిపోయే ప్రమాదం ఉంది.

ఇక టికెట్. అక్కడ బీ-ఫారం లేదు, పార్టీలోనే ప్రైమరీ ఎన్నిక గెలవాలి. బీ-ఫారం లేకపోయినా దాని ఆత్మ ఉంటుంది. న్యూజెర్సీలో చాలాకాలం దాన్ని ‘లైన్’ అన్నారు. కౌంటీ పార్టీ పెద్దలు మెచ్చినవాళ్ళ పేర్లన్నీ బ్యాలెట్ మీద ఒకే వరసలో, పై పదవులకు పోటీచేసేవాళ్ళ పేర్లతో కలిపి వచ్చేవి. మెచ్చనివాడి పేరు ఎక్కడో మూలకి పోయేది. ఆ మూలకి అక్కడివాళ్ళు ‘బ్యాలెట్ సైబీరియా’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి దీన్ని ఆపమన్నాక పద్ధతి మారింది. పెద్దల ఇంటికి వెళ్ళి కాఫీ తాగే ఆచారం మారిందని మాత్రం ఎవరూ అనలేదు. చివుకుల గారు నేరుగా అసెంబ్లీకి దూకలేదు. ముందు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్, తర్వాత ఆ టౌన్‌షిప్‌కి మేయరు, 2001 ఎన్నికల్లో 17వ జిల్లా (అక్కడ నియోజకవర్గాన్ని అలా అంటారు) నుంచి అసెంబ్లీ. మన లెక్కలో వార్డు మెంబరు, సర్పంచి, ఆ పైన ఎమ్మెల్యే.

నామినేషన్‌కి ఓటర్ల సంతకాలు కావాలి. వర్జీనియా దిగువ సభకైతే 125, ఎగువ సభ సెనేట్‌కైతే 250. ‘ఇంతేనా, గుడి దగ్గర ఆదివారం గంటసేపు నిలబడితే అయిపోతుంది’ అని ప్రతి తెలుగు అభ్యర్థీ అనుకుంటాడు, ప్రతి తెలుగు అభ్యర్థీ అక్కడే బోర్లాపడతాడు. సంతకం చేసినవాడు అదే జిల్లాలో ఓటరుగా నమోదై ఉండాలి. గుడికొచ్చిన నాలుగొందల మందినీ ఒకసారి జల్లెడ పట్టండి. సగం మంది హెచ్-1బీ, ఓటు లేదు. గ్రీన్‌కార్డు వాళ్ళకీ లేదు. పట్టుచీరలు, పంచెల్లో వచ్చిన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఉన్నారు. పౌరులైనవాళ్ళలో కొందరి ఇల్లు రోడ్డుకి అవతల, అంటే పక్క జిల్లాలో. మిగిలినవాళ్ళలో కొందరు ఓటు నమోదు ‘వచ్చే వారం’ చేయించుకుందామని పదకొండేళ్ళుగా అనుకుంటున్నారు. జల్లెడలో నిలిచేది పూజారిగారు, ఇంకో పదముగ్గురు. అందుకే తెలిసినవాళ్ళు కావలసినదానికి రెట్టింపు సంతకాలు సేకరిస్తారు. హాలు నిండితే గెలిచినట్టేనని నమ్మినవాడికి నవంబరులో జ్ఞానోదయం.

పైగా న్యూజెర్సీ, వర్జీనియాల్లో ప్రైమరీ మామూలుగా జూన్‌లో. సరిగ్గా అప్పుడే పిల్లల సెలవులని మనవాళ్ళు ఇండియాకి టికెట్లు కొనుక్కుంటారు. వర్జీనియాలో 45 రోజుల ముందు నుంచే వెళ్ళి ఓటు వేసిరావచ్చు. ఆ మాట సూట్‌కేసులు 23 కిలోలకి సరిపోయాయో లేదో తూకం వేస్తున్న ఇంట్లో చెప్పి చూడండి.

ప్రచారమంటే సభలు, బిర్యానీ అనుకునేరు. ఫోన్‌లో ఓటర్ల జాబితా పెట్టుకుని, ఏ ఇంట్లో ఓటున్నదో ఆ తలుపే కొట్టుకుంటూ పోవడం. మన కార్యకర్తలు చేసే పొరపాటు ఒకటుంది. తలుపు తీయలేదు కదాని కరపత్రాన్ని వాకిట్లోని ఉత్తరాల డబ్బాలో దూర్చి వస్తారు. స్టాంపు లేని కాగితం ఆ డబ్బాలో వేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తలుపు సందులో పెట్టాలి, డబ్బా జోలికి పోకూడదు. గడ్డిలో గుచ్చే ఇనపతీగ బోర్డులు కూడా ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టాలి. రోడ్డు పక్కన పెడితే పీకేస్తారు. ఫ్లెక్సీ సంస్కృతిలో పెరిగిన ప్రాణానికి ఇంతకంటే క్షోభ లేదు.

డబ్బు సంగతి మరీ నాజూకు. అభ్యర్థి రోజూ ఒక గదిలో కూర్చుని, పేర్ల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కరికే ఫోన్ చేసి చందా అడగాలి. దీనికి ‘కాల్ టైమ్’ అని గౌరవప్రదమైన పేరు. పెళ్ళి చదివింపులు రాసినట్టే ఇచ్చినవాడి పేరు, ఇచ్చిన సొమ్ము రాయాలి. మొత్తం కొంచెం పెరిగితే అతని ఉద్యోగం కూడా రాసి, ఆ పుస్తకాన్ని ఊరందరూ చూసేట్టు ఇంటర్నెట్‌లో పెట్టాలి. వర్జీనియాలో పౌరుడు ఎంతైనా ఇవ్వచ్చు, పరిమితి లేదు. హెచ్-1బీ మీదున్నవాడు మాత్రం ఒక్క డాలరు ఇచ్చినా చట్టవిరుద్ధం. పౌరుడైన బావ చేతికిచ్చి చెక్కు రాయించడం కూడా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాడు ఓటు వేయలేడు గానీ చందా ఇవ్వగలడు. ప్రజాస్వామ్యంలో ఎవరి ఉపయోగం ఏమిటో అమెరికావాడికి స్పష్టంగా తెలుసు.

ఇన్ని పాట్లు పడి గెలిస్తే వచ్చే జీతం చెబుతాం, కూర్చుని వినండి. చివుకుల గారు అడుగుపెట్టిన 2002 నుంచి 2025 చివరిదాకా న్యూజెర్సీ సభ్యుడికి ఏడాదికి 49,000 డాలర్లు. ఇరవై నాలుగేళ్ళు ఒకటే అంకె. వర్జీనియా సెనేటర్‌కి 18,000. టెక్సస్‌లో 7,200, సభ కూడా రెండేళ్ళకోసారి 140 రోజులే. న్యూహాంప్‌షైర్‌లో వంద డాలర్లు. నెలకి కాదు, ఏడాదికి. ఆ చిన్న రాష్ట్రంలో 14 లక్షల జనానికి దిగువ సభలోనే 400 మంది సభ్యులు. ఒక్కొక్కరి కింద సుమారు 3,500 మంది, మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీ. ‘మా అబ్బాయి న్యూహాంప్‌షైర్ ఎమ్మెల్యే’ అని సంబంధం వస్తే పెళ్ళికూతురి తండ్రి అడగవలసిన మొదటి ప్రశ్న: ‘మరి ఉద్యోగం ఏం చేస్తాడు?’

సభలోనైనా చక్రం తిప్పచ్చుగదా అంటారు. వర్జీనియా సభలు జనవరి రెండో బుధవారం మొదలవుతాయి, సరి సంవత్సరమైతే 60 రోజులు. సభ్యుడు తెచ్చిన బిల్లుకి సర్కారు న్యాయవాదులు భాష దిద్దుతారు, నంబరు పడుతుంది, సబ్‌కమిటీకి వెళుతుంది. తెల్లారగట్ల లేచి వెళితే మాట్లాడడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి. ఈలోపు ‘దీనికింత ఖర్చవుతుంది’ అని ఒక కాగితం జతపడుతుంది. కొన్ని బిల్లులు ప్రాణం వదిలేది ఆ కాగితం దగ్గరే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి కమిటీ అధ్యక్షుడు. సెనేట్‌లో బిల్లు చచ్చిపోయిందని అనరు, ‘నిరవధికంగా పక్కన పెట్టడమైనది’ అంటారు. ఇంత మర్యాదగల చావు మన అసెంబ్లీలో ఏ బిల్లుకీ రాసిపెట్టి లేదు.

ఢోకా లేకుండా ఏకగ్రీవంగా నెగ్గేది అభినందన తీర్మానం. ‘తెలుగువారు కష్టజీవులు అయినందున, బతుకమ్మ పూల పండుగ అయినందున’ అంటూ ఓ నాలుగు ‘అయినందున’లు, కింద బంగారు రంగు ముద్ర. ఖర్చు లేదు, ఎవరికీ బాధ్యత లేదు. మన సంఘాలు దీన్ని ఫ్రేము కట్టించి, ఎవరు పట్టుకుని ఫొటో దిగాలో తేల్చుకోలేక రెండుగా చీలతాయి.

ఆ పై మెట్లు? చివుకుల గారు 2012లో కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, పోటీచేసి ఓడారు, 2014లో ప్రైమరీలోనే ఆగారు. అరుణా మిల్లర్ వృత్తిరీత్యా రవాణా ఇంజినీరు, మేరీలాండ్ సభలో ఎనిమిదేళ్ళు చేశారు. 2018లో కాంగ్రెస్ ప్రైమరీకి వెళితే, ఎదుటివాడు కోటి డాలర్లకు పైగా సొంత సొమ్ము కుమ్మరించి గెలిచాడు. ఈ ఒక్క ఘట్టంలో మాత్రం మనవాళ్ళకి అమెరికా సొంత ఊరిలా అనిపించి ఉంటుంది. 2022లో ఆమె మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా, అంటే మన లెక్కలో ఉప ముఖ్యమంత్రిగా, ఎన్నికయ్యారు. ఇంగ్లీషు ప్రొఫెసరైన హాష్మీ 2019లో వర్జీనియా సెనేట్‌కి, 2025లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఎన్నికయ్యారు. ఒకేసారి అయిదుగురు ఉప ముఖ్యమంత్రులను చూసిన రాష్ట్రానికి ‘ఉప’ బరువు వేరే చెప్పాలా? వర్జీనియాలో ఆ పదవిలో ఉన్నవారు సెనేట్‌కి అధ్యక్షత వహిస్తారు, సభ సమానంగా చీలితేనే ఓటు వేస్తారు. మేరీలాండ్‌లో గవర్నరు అప్పగించిందే పని. ఆ పైన గవర్నరు కావచ్చు. అధ్యక్షుడు కావాలంటే పుట్టుకతోనే పౌరుడై ఉండాలి, నాలుగేళ్ళకి విమానం ఎక్కినా ఆలస్యమే.

ఇదంతా ఎంత చెప్పినా ఊళ్ళో ఎవరూ నమ్మరు. సెలవులకి వచ్చిన సభ్యుడికి శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, చివర్లో పక్కకి పిలిచి అసలు పరీక్ష పెడతారు: ‘తిరుమల బ్రేక్ దర్శనానికి మీ లెటర్‌హెడ్ మీద ఒక్క సంతకం...’ చెల్లదని చెబితే సభ మొహం వాడిపోతుంది. ఫ్లెక్సీ కట్టించినవాడు మాట్లాడకుండా కుర్చీలు సర్దిస్తాడు. పోనీ కుటుంబంతో కొండకి తామే వెళదామనుకుంటే, అమెరికా శాసనసభ్యుడే స్థానిక ఎమ్మెల్యే పీఏకి ఫోన్ చేయాలి. పీఏ మంచివాడే. ‘ఎంతమంది సార్? సరే, ఆధార్ నంబర్లు వాట్సాప్ చేయండి’ అంటాడు.