ఏడు కిలోల ప్రహసనం

పోర్షే 911 ఎస్‌సీ ఉన్న ప్రతి ఆసామికీ ఏదో ఒక రాత్రి బండి బరువు తగ్గించాలనే పురుగు తొలుస్తుంది. 1978 నుంచి 1983 దాకా వచ్చిన మూడు లీటర్ల ఇంజిన్ బండి అది. తూకం 1,160 కిలోలు. దాని మానాన అది హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఈయన మాత్రం 1973 నాటి 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 గురించి చదువుతాడు. తేలిక రకం 960 కిలోలే, సౌకర్యాలన్నీ ఉన్న టూరింగ్ రకం 1,075. ఆ 115 కిలోల తేడా ఆయనకి నిద్ర పట్టనివ్వదు. తెల్లారేసరికి ఫైబర్ బానెట్‌కి, అంటే గాజు పోగుల్ని రెజిన్ జిగురుతో అతికించి చేసిన ముందు మూతకి, ఆర్డరు వెళ్లిపోతుంది.

ఆర్‌ఎస్ బానెట్ అసలు ఫైబర్ కాదు, పల్చటి ఉక్కు రేకు. ఫైబర్ వాడింది బాతుతోకలా పైకి లేచిన వెనక ఇంజిన్ మూతకీ, బంపర్లకీ. మిగతాదంతా చిల్లర కూడబెట్టినదే: అద్దాలు పల్చన, వెనక సీట్లు లేవు, గడియారం లేదు, పక్క సీటుకి సన్ వైజర్ లేదు, గ్లవ్ బాక్సుకి మూత లేదు, బానెట్ మీద లోహపు ముద్ర బదులు స్టిక్కరు. ఫైబర్ బానెట్ వేసింది 1967 నాటి 911 ఆర్‌కి. అది పందేలకని పుట్టిన బండి. ఈయన బండి పుట్టింది ఆదివారం కాఫీకి వెళ్లి రావడానికి.

పోనీ, లెక్కయినా చూసుకున్నాడా? చదరపు మీటరు ఉక్కు రేకు 0.8 మిల్లీమీటర్ల మందంలో 6.3 కిలోలు తూగుతుంది. చేత్తో పరిచిన ఫైబర్ 3 మిల్లీమీటర్లు ఉంటే అదే చదరపు మీటరు దాదాపు 4.5 కిలోలు. అంటే పై పొరలో మిగిలేది రెండు కిలోల లోపే. అసలు మిగులు బానెట్ అడుగున ఉండే ఉక్కు చట్రం తీసేయడంలో ఉంది. అన్నీ కలిపి తగ్గేది ఏడు కిలోలు. అందులో ఎక్కువ భాగం బానెట్‌ని బిగువుగా నిలబెట్టడానికి పెట్టినదేనని ఆయనకి తెలిసేసరికి కథ చాలా దూరం వెళ్తుంది.

మొదటి అంకం గరాజులో. కొత్త ఫైబర్ ముక్క ఎప్పుడూ సరిగ్గా కూర్చోదు. అంచులు రుద్దాలి, బోల్టు రంధ్రాలు కాస్త కోలగా చేయాలి, ఉత్తినే బిగించి సందులు చూసుకోవాలి, కొన్నాళ్లు బండి మీదే ఎండలో వదిలేయాలి. రెజిన్ పూర్తిగా గట్టిపడేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది. ముందే రంగు వేస్తే ఆ ముడత రంగులోంచి తొంగి చూస్తుంది. రంగుకి ముందు, అచ్చులోంచి అంటుకొచ్చిన మైనాన్ని ద్రావకంతో తుడిచాకే ఎమరీ కాగితం పట్టాలి. ముందు రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోయి, రంగు గుండ్రటి మచ్చలుగా విడిపోతుంది. ఆసామి ఇవన్నీ చేశాడనే అనుకుందాం. ముక్కుకి మాస్కు కూడా కట్టాడు. ఆ చొక్కాని మాత్రం తీసుకెళ్లి వాషింగ్ మెషిన్‌లో ఇంటిల్లిపాది బట్టలతో కలిపి పడేశాడు. గాజు నూగు నీళ్లలో కరగదు, పక్క బట్టలకి అంటుకుంటుంది. మర్నాడు ఇల్లాలు గోక్కుంటోంది, పిల్లలు గోక్కుంటున్నారు, బడికి వెళ్లిన తువ్వాలు అక్కడ ఇంకెవరినో గోకిస్తోంది. ఆ మెషిన్‌ని ఖాళీగా రెండుసార్లు తిప్పాలి. చొక్కా మీద ఆశ వదులుకోవడమే మేలు.

బిగింపు రోజు. బోల్టు కింద వెడల్పాటి వాషరు, లోపల రేకు పలక లేకుండా బిగిస్తే జెల్‌కోట్ అనే పై పూత మీద నక్షత్రాల్లా పగుళ్లు లేస్తాయి. అది దాటాడు. తెరిచిన బానెట్‌ని ఎత్తి నిలిపే గ్యాస్ షాకుల దగ్గర దొరికిపోయాడు. ఆ రెండు షాకుల బలం ఉక్కు బానెట్‌ని మోయడానికి లెక్కగట్టినది. ఇప్పుడు పైన బరువు లేదు, బలం అంతే ఉంది. బానెట్ మూస్తే ముందు తాళం కిందికి లాగుతుంది, వెనక కీలు దగ్గర షాకులు పైకి తోస్తాయి, నడుమ మూత నూనెలో పడ్డ అప్పడంలా పొంగుతుంది. ఆసామి కీళ్లదే తప్పనుకుని వాటిని మూడుసార్లు విప్పి బిగించాడు. మందు చాలా చవక: షాకులు పీకేసి ఒక కర్ర ఊతం పెట్టుకోవడం. పారేయబోయే నీరసపు షాకు ఒకటి ఉంటే అదీ పనికొస్తుంది.

మూయడం ఇంకో విద్య. ఉక్కు బానెట్ వదిలితే తన బరువుతోనే తాళంలో పడేది. ఇది పడదు. నడుమ అరచేత్తో గుద్దితే పగులుతుంది. తాళం దగ్గర రెండు చేతులూ ఆనించి నొక్కాలి. అప్పుడు కూడా ముందు మూలలకి రబ్బరు పట్టీలో పిన్నులో లేకపోతే వంద కిలోమీటర్ల వేగంలో అంచులు టపటపలాడతాయి. 911లో తాళం ముందు, కీళ్లు అద్దం వైపు. పట్టు తప్పిందంటే బానెట్ నేరుగా అద్దం మీదికే వస్తుంది. ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

ఇదంతా అయ్యాక, ఊరుకోలేక, ముందు వింగులు, అంటే ముందు చక్రాల మీది రేకులు, కూడా ఫైబర్‌వి వేశాడు. పాత బండ్లలో దీపాలూ హారన్‌లూ కొన్ని రేకు గుండానే ఎర్త్ తీసుకుంటాయి. ఫైబర్‌లో కరెంటు పారదు. ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. ఎడమకి ఇండికేటర్ వేస్తే పార్కింగ్ దీపం మినుకుమంటోంది. ఆసామి ఫ్యూజులన్నీ మార్చాడు, ఫ్లాషర్ రిలే మార్చాడు. కావలసింది దీపం నుంచి ఉక్కు బాడీకి ఒక గోధుమరంగు వైరు. జర్మన్ బండ్లలో ఎర్త్‌కి ఆ రంగే. నట్లు వేసుకునే అయస్కాంతపు పళ్లేన్ని అలవాటుగా వింగుకి అంటించబోయాడు. నట్లన్నీ నేల మీద దొర్లాయి.

అసలు చేయకూడని పని ఇంకోటి ఉంది. 911లో ఇంజిన్ వెనక, బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే. తగ్గించాల్సింది అక్కడ: బరువైన సైలెన్సరు, ఏసీ ఉంటే దాని కంప్రెసరు. ఈయన ఇప్పటికే తేలిగ్గా ఉన్న ముక్కుని ఇంకా తేలిక చేశాడు. బానెట్ ఒక్కటే అయితే బండి ముందు రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. వింగులు, బంపరు, స్పేర్ చక్రం కూడా పోతే ఇంకా లేస్తుంది. స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్‌ల స్క్రూలు తిప్పి దించాలి, దించాక అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. జర్మనీలో అయితే బండ్ల తనిఖీ చేసే ట్యూవ్ పరీక్షాధికారి బానెట్ మీద వేలితో తట్టి, దాని కాగితాలు అడుగుతాడు.

ఇన్ని తిప్పలు పడ్డవాడు తూకం వేయించకుండా ఉంటాడా? పని మొదలుపెట్టకముందు, ట్యాంకులో పావు వంతు పెట్రోలుతో లారీల కాటాకి వెళ్లి చీటీ తెచ్చుకున్నాడు. పని ముగిశాక సంబరంగా ట్యాంకు నింపించి మళ్లీ వెళ్లాడు. ఆ ట్యాంకు 80 లీటర్లది, అదీ ఆ బానెట్ కిందే ఉంటుంది. అదనంగా పడ్డ 60 లీటర్లు 45 కిలోలు. బానెట్, వింగులు కలిపి తగ్గింది పదిహేను కిలోలు. కాటా చూపించేది 20 కిలోల మెట్లలో. రెండో చీటీలో బండి 40 కిలోలు ఎక్కువ తూగింది. కాటా మనిషి చీటీని తిప్పి చూసి, డిక్కీలో ఏమైనా సామాను ఉందా అని అడిగాడు.