ఆవిడ ప్రశ్నకి టైమ్ లేకపోయింది

మొన్నటి హెల్త్ సెమినార్‌కి మీలో చాలామంది వచ్చారు కాబట్టి మొత్తం మళ్ళీ చెప్పను. స్లైడ్లు అయ్యాక మూడో వరసలో ఒకావిడ ఫోన్ పట్టుకుని లేచారు. "ఫిట్స్ మాత్రతో మెదడుకి పాకిన క్యాన్సర్ తగ్గుతుందని గ్రూపులో పెట్టారు. మావారికి మొదలుపెట్టించమంటారా?" వెనక ఎవరో నవ్వారు. మైకు పట్టుకున్నాయన "వాట్సాప్ వైద్యం వద్దమ్మా, టైమ్ అయిపోయింది" అనేశారు. ఆవిడ మళ్ళీ కూర్చోలేదు. పర్సు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటోంది. ఆ ఫార్వర్డులో అతి చాలా ఉంది, కానీ అది ఊరికే పుట్టింది కాదు. మెదడుకి చేరిన రొమ్ము క్యాన్సర్ కణాలు అక్కడి నరాల కణాలు ఒకదానికొకటి కబురు చెప్పుకోడానికి విడిచే గ్లుటమేట్ అనే రసాయనాన్ని వాడుకుని పెరుగుతాయని 2019లోనే నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమైన స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్ కణాలైతే ఏకంగా నరాల కణాలతో కనెక్షన్ పెట్టుకుంటాయని 2025లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం చూపించింది. మెదడులోని కరెంటే కణితికి మేత అన్నమాట. ఆ కరెంటుని తగ్గించే లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు ఇస్తే ఎలకల మెదడులో కణితి నెమ్మదించింది. చాలా కీమో మందులు మెదడు గడప దగ్గరే ఆగిపోతాయి, ఫిట్స్ మందులు మాత్రం లోపలికి వెళ్తాయి.

అయితే ఇలాంటి ఆశ ఇదివరకూ లేచింది. మెదడులోనే పుట్టే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు, లెవెటిరాసెటమ్ ఆయుష్షు పెంచుతాయేమో అనుకున్నారు. నాలుగు ట్రయల్స్‌లోని (అంటే రోగుల మీద చికిత్సని పరీక్షించి చూసే అధ్యయనాల్లోని) 1,800 మందికి పైగా రోగుల లెక్కలు కలిపి 2016లో చూస్తే లాభం కనపడలేదు. జబ్బు వేరే అనుకోండి, అయినా ఆ సంగతి మరిచిపోకూడదు.

ఆ లెవెటిరాసెటమ్ మాత్ర మా ఇంట్లోనూ ఉండేది. అక్కకి రొమ్ము క్యాన్సర్ మెదడుకి వెళ్ళి ఫిట్స్ వచ్చాక పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం పెట్టి వేసేవాళ్ళం. గొంతు దిగదని నేనే గీత దగ్గర విరిచి ఇచ్చేదాన్ని. జీవితంలో గట్టిగా మాట్లాడని మనిషి, మూడో వారంలో నీళ్ళ గ్లాసు గోడకేసి కొట్టింది. పాపం, చావు భయం అనుకున్నాం. నర్సు చెప్పేదాకా తెలీదు, కొందరికి ఈ మాత్రే అలా చిరాకు తెస్తుందని. టక్కున ఆపితే మళ్ళీ ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరు మెల్లగా తగ్గిస్తూ వేరే మందుకి మార్చారు. అసలు ఫిట్స్ రానివాళ్ళకి ముందుజాగ్రత్తగా వెయ్యొద్దనే వైద్యుల మార్గదర్శకాలు చెప్తాయి. ఇంత చెప్పడానికి మైకులో రెండు నిమిషాలు చాలు.

తప్పు మైకు దగ్గర ఒక్కటే జరగలేదు. అక్కకి ఒక ట్రయల్ ఉంది, చేరతారా అని అడిగినప్పుడు "మేమేమన్నా ఎలకలమా?" అన్నది నేనే. మన ఇళ్ళల్లో ఆ మాట ప్రేమతోనే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఎలకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేస్తుందో లేదో మనుషులు చేరితేనే తేలుతుంది. పేటెంటు అయిపోయిన మందు మీద ట్రయల్‌కి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అందుకే క్యాన్సర్ డాక్టర్‌ని "మాకు సరిపోయే ట్రయల్ ఏదన్నా ఉందా?" అని మనమే అడగాలి.

అక్క మాత్రలు రెండు స్ట్రిప్పులు నా సొరుగులో మిగిలిపోయాయి. ఆ రోజు అవి ఆవిడకిచ్చేద్దామని ఒక్క క్షణం నాకూ అనిపించింది. ఈ వారం ఫార్మసీలో తిరిగి ఇచ్చేస్తాను.

కమిటీవారికి ఒక మనవి. వచ్చే సెమినార్‌లో సన్మానాలు కాస్త తగ్గించి అరగంట ప్రశ్నలకే ఉంచండి. ఆవిడ నంబర్ మీలో ఎవరి దగ్గరన్నా ఉంటే, అంతకంటే ముందు ఒక ఫోన్ చెయ్యండి.