జాజు గోడకు ఆయిల్ పెయింటా?

మా నల్లగొండ దిక్కు ఊర్లల్ల ఇప్పుడు ఇంటి ముందటి కడపకు పసుపు గాదు, డబ్బా పెయింట్. దాని మీద ముగ్గు స్టిక్కర్. పొద్దుగాల లేస్తే పనికి ఉరుకుడేనాయె, పూసే తీరికేడిది? దానికి నేనేం అన. నా లొల్లంతా గోడల గురించి, గుళ్ల గురించి.

జాజంటే ఇనుపతుప్పు కలిసిన ఎర్ర మన్ను. గడ్డలు దంచి, రాత్రి నానబెట్టి, తెల్లారి పేలిక ముంచి సున్నం గోడ కింద పట్టీ గుంజుతరు. తడి మీద ముదురుగ కనబడి, ఎండినంక తేలుతది. ఇన్ని గంజినీళ్లు పొయ్యకుంటే ఆనుకున్నోళ్ల అంగీకి అంటుతది (సుట్టాలకు అదో పెద్ద ఫిర్యాదు). మట్టిగోడ తడి పీలుస్తది, ఇడుస్తది. సున్నం, జాజు దానికి అడ్డంరావు. ఆయిల్ పెయింట్ కొడితే ఆ తడి లోపల్నే పట్టుకోని పొక్కులు లేస్తది, పెచ్చులూడతది. అప్పుడు మేస్త్రి వచ్చి "గోడ పాతదైంది, కూలగొట్టుడే" అంటడు. పెయింట్‌ను మాత్రం ఒక్క మాటనడు.

జాజు రంగు నిలువదని కొందరంటరు! దక్షిణాఫ్రికాల బ్లాంబోస్ గుహల, సముద్రపు చిప్పలల్ల కలిపిపెట్టిన జాజు 2008ల దొరికింది. లక్ష ఏండ్ల కిందిది. అంత దూరం ఎందుకు, భూపాలపల్లి దిక్కు పాండవుల గుట్ట మీద ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మలు ఇంకా ఉన్నయి. ఎండకు వెలిసే రంగు గాదిది. వానజల్లు కొట్టే గోడ మీద కడుక్కపోతది, ఒప్పుకుంటా. అందుకే ఏటా పండుగకు పూసుకునేది.

ఈ జాజునే కుమ్మరోళ్లు పచ్చి కుండకు పూసి కాలుస్తరు, సన్నాసులు దీంట్లనే బట్టలు అద్దుకుంటరు. ఇయ్యాల ఆ కావి రంగంటే ఓట్ల ముచ్చటైంది, ఆ జోలికి నేను పోను. గచ్చుకు, గేట్లకు పూసే రెడ్ ఆక్సైడ్ కూడా ఇనుపతుప్పే. గేటుకు కొట్టుకోండ్రి, మంచిదే.

గుళ్లల్ల చెక్కిన రాళ్లకు మాత్రం పెయింట్ వద్దు. నల్లగొండ పక్కన పానగల్ పచ్చల సోమేశ్వరాలయంల స్తంభాల మీది బొమ్మలు చూసిరాండ్రి, ఉలి గీత గీతా కనబడ్తది. మాకు దగ్గర్ల ఒక పాత గుడి ఉన్నది. చందాలు పోగుచేసి రాతి స్తంభాలకు నిగనిగలాడే రంగులేసిండ్రు. ఏనుగుల వరుస చెక్కిన పట్టీ ఉండె, ఇప్పుడు తొండమేదో కాలేదో తెల్వదు. గోడకు సున్నం, జాజు పట్టీలు కొట్టించుండ్రి, ఎవలొద్దన్నరు? చెక్కిన రాయికి ఏ రంగూ వద్దు. మీ ఊరి గుడి కమిటీల మీ బాపు గాని చిన్నాయిన గాని ఉంటే, డబ్బాలు కొనకముందే చెప్పుండ్రి.