గ్యాస్ కొట్టే చేతికి సర్టిఫికెట్టా?

ఉగాది పచ్చడి తిన్న వారానికి మా తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటింటా ఇంకో శాస్త్రం జరుగుతుంది. ఏసీకి గ్యాస్ కొట్టించడం. మెకానిక్ మిద్దెక్కుతాడు. అవుట్‌డోర్ యూనిట్ పైపు మీద రెండు వేళ్లు ఆనించి, నాడి చూసే వైద్యుడిలా ఒక్క క్షణం ఆగి, "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టాల" అంటాడు. ఇంట్లో చక్కెర అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ కూడా వాడకానికి అయిపోతుందని మా వీధి మొత్తానికీ గట్టి నమ్మకం. మూసిన రాగి గొట్టాల్లో గ్యాస్ తిరిగిన దారినే తిరుగుతుందనీ, ఎక్కడో కారితే తప్ప తగ్గదనీ ఏ పుస్తకంలో రాసుంటే మాకేం?

ఇంత చక్కగా సాగుతున్న ఏర్పాటు మీదికి సర్టిఫికెట్ అనే ఉపద్రవం వచ్చిపడింది. దీని వేరు ఎక్కడో 1987లో మాంట్రియల్‌లో ఉంది. ఇలాంటి గ్యాసుల వల్ల ఓజోన్ పొర పలచబడుతోందని దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. వాటి బదులు వచ్చిన గ్యాసులతో భూమి వేడెక్కుతోందని 2016లో కిగాలీలో దానికి ఇంకో సవరణ తగిలించాయి. 2021లో మనమూ సరే అన్నాం. దానికి ముందే, 2019లో, ఢిల్లీవాళ్లు ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అని ఒకటి తెచ్చి, 2022-23కల్లా లక్షమంది మెకానిక్కులకు శిక్షణ, సర్టిఫికెట్ అని అందులో రాసుకున్నారు. బైరాగిపట్టెడను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

పోయిన ఏప్రిల్లో ఆ సర్టిఫికెట్ మా మిద్దె మీదికే వచ్చింది. ఎదురింటి అక్క కొడుకు, ఐటీఐలో రెండేళ్లు ఏసీ ట్రేడు చదివినవాడు. తెలిసిన పిల్లోడు, పావుగంటలో కొట్టేసి పోతాడనుకుంటే, ఆటోలోంచి వ్యాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్, రికవరీ మిషన్, తూకం మిషన్ ఒక్కొక్కటే దించాడు.

"ఇదేంది నాయనా, పెళ్లి వంటకు వచ్చినావా?"

"లీకు ఎక్కడుందో చూడాల గదా మామా."

ముందు మిగిలిన గ్యాస్‌ను ఖాళీ సిలిండర్లోకి లాగి పెట్టుకున్నాడు. గాల్లోకి వదిలితే సరిపోయేదానికి ఇంత తతంగమా? అసలు ఆ 'ష్‌ష్' మనే చప్పుడు వినపడకపోతే మాకు పని జరిగినట్టే ఉండదు. "ఇది ఆర్-410ఏ మామా. ఒక కిలో వదిలితే రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పాపం" అన్నాడు. కొండకు పోయేటప్పుడు ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ కూడా తీసుకుపోకుండా నేను మూటగట్టుకుంటున్న పుణ్యాన్ని వీడు ఒక్క కిలోతో కొట్టేశాడు.

తర్వాత గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి జాయింట్లకు సబ్బునురగ పూశాడు. గొట్టాలు కలిపే ఫ్లేర్ నట్టు దగ్గర కందిగింజంత బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది. అయిదేళ్లుగా ఏటా నేను కట్టిన మూడేసి వేలు ఆ బుడగ గుండానే పోయాయన్నమాట. నట్టు విప్పి, గొట్టం అంచు మళ్ళీ చేసి బిగించాడు.

ఆపైన వ్యాక్యూమ్, అంటే గొట్టాల్లోని గాలీ తేమా పంపుతో లాగేయడం. మీటరు 500 మైక్రాన్ల కిందికి దిగాలట. ముక్కాలు గంట పంపు గుర్రుమంటూనే ఉంది, పిల్లోడికి రెండుసార్లు కాఫీ అయింది. మా పాత మెకానిక్ అయితే లోపలి గాలిని గ్యాస్‌తోనే పది సెకన్లలో తోసేసేవాడు. అలా చేస్తే తేమ లోపలే ఉండిపోయి, ఆయిల్ చెడి, కంప్రెసర్ పోతుందట. పోనీ! కంప్రెసర్లు అమ్ముకునేవాళ్లు బతకొద్దా?

చివరికి స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంతే, సిలిండర్‌ను తూకం మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించాడు. చేతిలో లడ్డూ కాస్త తేలికగా తగిలితే ఊరంతా గోల చేసే మేము, గ్యాస్ ఎంత ఎక్కిందని ఒక్కనాడూ అడిగినవాళ్లం కాదు. మన జిల్లాలోనే శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారవుతాయి. ఫ్యాక్టరీలో గ్రాముల్లో నింపినదాన్ని మిద్దె మీద అందాజుగా నింపడం మన కళ.

ఇప్పుడు ఆర్-290 అనే గ్యాస్‌తో నడిచే ఏసీలూ ఉన్నాయి. పేరుకు నంబరే గానీ అది ప్రొపేన్, మన వంటగ్యాస్‌లో ఉండేదే. ఎలా పట్టుకోవాలో, ఎక్కడ నిప్పు ఉండకూడదో ట్రైనింగులో నేర్పుతారని పిల్లోడు చెప్పాడు. మా పాత మెకానిక్ బీడీ నోట్లో ఉండగానే సిలిండర్ విప్పే మనిషి. ఆ ధైర్యానికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

బిల్లు నాలుగు వేల ఎనిమిది వందలు.

"ఆ వ్యాక్యూమ్ తీసేస్తే ఎంతకొస్తుంది?" అని అడిగాను.

"చేసేసినా గదా మామా."

"అయినా సరే, లెక్క చెప్పు."

పిల్లోడు నా మొహం వంక చూశాడు. సర్టిఫికెట్ కోసం రాసిన పరీక్షలో ఈ ప్రశ్న వచ్చినట్టు లేదు. నిజానికి ప్రతి మిద్దె మీదా మెకానిక్‌ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. వ్యాక్యూమ్ పంపును ఇంట్లో పెట్టి వచ్చే విద్య వాళ్లకు నేర్పిన గురువులం మేమే. మాకు ఎవరూ పరీక్ష పెట్టకపోవడం మా అదృష్టం.

ఈ ఏడు ఉగాది అయి నెల దాటింది. ఏసీ చల్లగానే ఉంది, మిద్దె ఎవరూ ఎక్కలేదు. మొన్న లీలామహల్ సర్కిల్లో పాత మెకానిక్ కనిపించాడు.

"ఏం సార్, ఈ ఏడు ఫోనే చేయలేదు? ఇంట్లో అందరూ బాగుండారా?"

లీకు పోయిందని ఆ మనిషి మొహం మీద ఎలా చెప్పను? ఆదివారం ఒకసారి వచ్చి చూడమన్నాను.